తేనె కుకీలు ఎందుకు మాడతాయి, ఎందుకు మెత్తబడతాయి: సంత తేనెకూ పంచదార కొలతలకూ కుదరని చోటు

రైతుల సంతలో, తేనెటీగలు పెంచేవాళ్ల దగ్గరే కొన్న మంచి తేనె ఇంట్లో ఉంటుంది. దానితో పల్చటి కుకీలు, నోట్లో వేసుకోగానే కరిగిపోయేవి చేయాలనిపిస్తుంది. అక్కడి నుంచి చాలామందికి ఎదురయ్యే చిక్కులు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. అంచులు నల్లబడేసరికి మధ్యభాగం ఇంకా పచ్చిగానే ఉంటుంది. ఓవెన్ నుంచి తీసినప్పుడు కరకరలాడినవి మర్నాటికి మెత్తబడి వంగుతాయి. ఒకసారి బాగా కుదిరిన కొలతే, కొత్త సీసా తెరిచి చేస్తే కుదరదు. చెయ్యి తిరగలేదని అనుకోవడం సహజమే గానీ, అసలు కారణం సాధారణంగా సీసాలోనే ఉంటుంది.

క్లుప్తంగా

తేనెలో ఉండే చక్కెరలు పంచదార కంటే తొందరగా రంగు తిరుగుతాయి, గాలిలోని తేమను తొందరగా లాక్కుంటాయి, చల్లారాక మళ్లీ పలుకు కట్టవు. పైగా తేనెలో ఆరో వంతుకు పైగా నీళ్లే. పల్చటి కుకీలో ఈ తేడాలను దాచే మందం ఉండదు కాబట్టి అన్నీ పైకి కనిపిస్తాయి. సంత తేనె ఏ పువ్వుదో, ఎప్పుడు తీసిందో బట్టి సీసాకు సీసా మారుతుంది. అందుకే పంచదారను పూర్తిగా తీసేయడం కంటే అందులో నాలుగో వంతు మాత్రం తేనెతో మార్చి, ఓవెన్ వేడిని 15 డిగ్రీలు తగ్గించడం చాలా సందర్భాల్లో మేలైన దారి.

పంచదార పని తీపి ఒక్కటే కాదు

మెత్తబడిన వెన్నలో పంచదార వేసి గిలక్కొట్టినప్పుడు, పలుకుల పదునైన అంచులు వెన్నలోకి సన్నటి గాలి బుడగలను తీసుకెళ్తాయి. ఓవెన్‌లో ఈ బుడగలే ఆవిరితో ఉబ్బి కుకీని గుల్లగా చేస్తాయి. వంట సోడా, బేకింగ్ పౌడర్ అప్పటికే ఉన్న బుడగలను పెద్దవి చేస్తాయి తప్ప కొత్తవాటిని పెద్దగా పుట్టించలేవు. తేనెకు ఆ పలుకులు లేవు. వెన్నతో కలిపి ఎంతసేపు తిప్పినా అంత గాలి చేరదు. తేనె ఒక్కదానితో చేసిన కుకీ బరువుగా, దట్టంగా రావడానికి మొదటి కారణం ఇది.

రెండో పని ఓవెన్‌లో మొదలవుతుంది. కుకీ పిండిలో నీళ్లు తక్కువ. పంచదారలో చాలా భాగం కరగకుండా పలుకులుగానే ఉండిపోతుంది. వేడి ఎక్కేకొద్దీ అది కరుగుతుంది. ఒక గ్రాము నీళ్లలో ఒక గ్రాము పంచదార కరిగితే సుమారు 1.6 మిల్లీలీటర్ల పాకం తయారవుతుంది. అంటే నీళ్లు ఒక్క చుక్క కలపకపోయినా లోపల ద్రవం పెరుగుతుంది, పిండి జారుతుంది, కుకీ పల్చగా పరచుకుంటుంది. తేనెలోని చక్కెరలు ముందే కరిగి ఉంటాయి కాబట్టి ఓవెన్‌లో ఈ రెండో విడత ద్రవం రాదు.

మూడో పని మైదా దగ్గర. మైదాలోని పిండిపదార్థం నీటిని పీల్చుకుని ఉబ్బితే రొట్టెలా సాగే గుజ్జు తయారవుతుంది. కుకీకి అది పనికిరాదు. చక్కెర అక్కడున్న కొద్దిపాటి నీటిని తనవైపు తిప్పుకుని, పిండిపదార్థం ఉడకడానికి కావలసిన వేడిని పైకి జరుపుతుంది. మామూలు నీళ్లలో 60 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మొదలయ్యే ఈ మార్పు, చక్కెర ఎక్కువగా, నీళ్లు తక్కువగా ఉన్న కుకీ పిండిలో చాలావరకు జరగనే జరగదు. ఈ పనిలో మనం వాడే పంచదార, అంటే సుక్రోజ్, గ్లూకోజ్ కంటే, ఫ్రక్టోజ్ కంటే బలమైనది. తేనె వచ్చి చేరితే ఆ బలం కొంత తగ్గుతుంది, కుకీ కాస్త ముందే బిగుసుకుంటుంది.

ఇక నాలుగోది చల్లారేటప్పుడు. కరిగిన పంచదారలో కొంత మళ్లీ పలుకు కడుతుంది, మిగతాది గాజులా గట్టిపడుతుంది. కొరికితే వచ్చే ఆ ‘టక్’ మన్న శబ్దం అక్కడి నుంచే వస్తుంది. తేనె కుకీలు ఓడిపోయేది కూడా సరిగ్గా ఇక్కడే.

సీసాలో ఉన్నదేమిటి

సగటు పూల తేనెలో ఫ్రక్టోజ్ 38 శాతం, గ్లూకోజ్ 31 శాతం, నీళ్లు 17 నుంచి 18 శాతం వరకు ఉంటాయి. సుక్రోజ్ ఒకటి, ఒకటిన్నర శాతానికి మించదు. మిగిలినది మాల్టోజ్ వంటి చక్కెరలు, ఆమ్లాలు, ఖనిజాలు, కాస్త ప్రోటీన్, పుప్పొడి. పువ్వుల మకరందంలో సుక్రోజ్ ఉంటుంది గానీ, తేనెటీగలు తమ ఇన్వర్టేజ్ ఎంజైమ్‌తో దాన్ని గ్లూకోజ్‌గా, ఫ్రక్టోజ్‌గా విడగొడతాయి. గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే మరో ఎంజైమ్ కొంత గ్లూకోజ్‌ను గ్లూకోనిక్ ఆమ్లంగా మారుస్తుంది. అందుకే నాలుకకు తియ్యగా తగిలే తేనె నిజానికి పుల్లటి పదార్థం. దాని సగటు పీహెచ్ 3.9 దగ్గర ఉంటుంది.

తేనె చాలా బరువైనది కూడా. మిల్లీలీటరు తేనె సుమారు 1.4 గ్రాములు తూగుతుంది. 15 మిల్లీలీటర్ల పెద్ద చెంచాతో పంచదార తీస్తే 12 గ్రాముల పైచిలుకు వస్తుంది, అదే చెంచాతో తేనె తీస్తే 21 గ్రాములు వస్తుంది. చెంచా పంచదారకు చెంచా తేనె అని మార్చేవాళ్లు తెలియకుండానే చక్కెరను మూడో వంతుకు పైగా పెంచుతున్నారు, ఆపైన సుమారు 4 గ్రాముల నీళ్లు కూడా పోస్తున్నారు. మాడటం, కారిపోవడం, మెత్తబడటం అనే మూడు ఫిర్యాదుల్లోనూ ఈ ఒక్క పొరపాటుకు పెద్ద వాటా ఉంది. వంటింటి త్రాసు లేకుండా తేనెతో కుకీలు చేయడం కష్టమనడం అతిశయోక్తి కాదు.

రంగు ముందే ఎందుకు వస్తుంది

బేకింగ్‌లో వచ్చే గోధుమ రంగుకు ప్రధాన కారణం మెయిలార్డ్ చర్య. ఫ్రెంచ్ శాస్త్రవేత్త లూయీ కమీల్ మెయిలార్డ్ 1912లో దీన్ని వివరించారు కాబట్టి ఆ పేరు. కొన్ని రకాల చక్కెరలు ప్రోటీన్లలోని అమైనో ఆమ్లాలతో కలిసి రంగును, కమ్మటి వాసనను పుట్టిస్తాయి. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఆ కోవకు చెందినవి. సుక్రోజ్ అలా కాదు, ముందు అది విడిపోతే గానీ ఈ చర్యలో పాల్గొనలేదు. తేనె వేసినప్పుడు చర్యకు సిద్ధంగా ఉన్న చక్కెరలే పిండిలోకి వెళ్తాయి, వాటితోపాటు ప్రోలీన్ వంటి అమైనో ఆమ్లాలూ కొన్ని వెళ్తాయి.

చక్కెర తనంతట తాను కాగి రంగు తిరగడం వేరే సంగతి. అక్కడా తేడా ఉంది. ఫ్రక్టోజ్ 110 డిగ్రీల దగ్గరే కాగి రంగు మారడం మొదలుపెడుతుంది. సుక్రోజ్‌కు 160 దాటాలి. పల్చటి కుకీ అంచు ఓవెన్‌లో పెట్టిన కాసేపటికే ఎండిపోతుంది. ఎండిన చోట వేడి 100 డిగ్రీల దగ్గర ఆగదు, పైకి దూసుకెళ్తుంది. మధ్యలో మాత్రం తేమ ఉన్నంతసేపూ వేడి 100 దగ్గరే నిలబడుతుంది. మందపాటి కేకులో ఈ తేడా పైపొరకే పరిమితం. అర సెంటీమీటరు మందం ఉన్న కుకీలో అంచులే సగం కుకీ.

దీనికి విరుగుడుగా వేడిని 175 నుంచి 160 డిగ్రీలకు తగ్గించి, నాలుగైదు నిమిషాలు ఎక్కువ ఉంచమని చెబుతారు. ఇందులో తర్కం ఉంది. రంగు వచ్చే వేగం వేడితో పాటు చాలా గట్టిగా పెరుగుతుంది. నీరు ఆరే వేగం అంత గట్టిగా పెరగదు. కాబట్టి వేడి తగ్గితే రంగు బాగా వెనకబడుతుంది, ఆరడం కొద్దిగా మాత్రమే వెనకబడుతుంది. నల్లటి ట్రే వేడిని ఎక్కువగా పీల్చుకుంటుంది కనుక దానికి బదులు లేత రంగు ట్రే వాడినా అడుగు మాడటం తగ్గుతుంది.

రంగు విషయంలో రుచిని మించిన కారణం ఇంకొకటి ఉంది. గోధుమపిండిలో ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. 120 డిగ్రీలు దాటిన వేడిలో అది గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లతో కలిస్తే అక్రిలమైడ్ అనే, క్యాన్సర్‌కు కారణం కావచ్చని అనుమానించే పదార్థం తయారవుతుంది. వేపుడు, కాల్పు పదార్థాల్లో అది గణనీయంగా ఉంటుందని స్వీడన్ పరిశోధకులు 2002లో బయటపెట్టారు. యూరోపియన్ యూనియన్ 2017లో తెచ్చిన నిబంధనల్లో బిస్కెట్లకు కిలోకు 350 మైక్రోగ్రాములను ప్రమాణ స్థాయిగా పెట్టింది. ఇంట్లో కొలిచే వీలు లేదు గానీ, రంగు మంచి ఆనవాలే. ముదురు గోధుమ రంగు దాకా ఆగకుండా లేత బంగారు రంగులోనే తీసేయాలన్న సలహా, అందం కోసం ఇచ్చేది మాత్రమే కాదు. తేనె వేసిన పిండికి ఇది మరీ వర్తిస్తుంది.

మర్నాటికి మెత్తబడటం వెనక

కరకరలాడే కుకీలో నీళ్లు 2 నుంచి 5 శాతం లోపే ఉంటాయి. దాని చుట్టూ ఉన్న గాలి దానికంటే ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. కాబట్టి ఏ కుకీ అయినా తేమను పీల్చుకోవాలనే చూస్తుంది. ఎంత తొందరగా పీలుస్తుంది, పీల్చాక ఏమవుతుంది అన్నదే ప్రశ్న.

ఇక్కడ రెండు కొలమానాలు అసలు కథ చెబుతాయి. మొదటిది, గాలిలో తేమ ఎంత చేరితే చక్కెర పలుకు తనంతట తాను కరిగి నీరవుతుంది అనేది. గది వేడిలో ఫ్రక్టోజ్‌కు 62 శాతం సాపేక్ష తేమ చాలు. సుక్రోజ్‌కు 85 శాతం దాకా కావాలి. గ్లూకోజ్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. వాన పడే రోజున గాలిలో తేమ 62 దాటడం మామూలు సంగతి. తేనె కూడా దాదాపు 60 శాతం తేమ దగ్గర గాలితో సమంగా నిలబడుతుంది. అది దాటితే గాలి నుంచి నీటిని తాగడమే దాని గుణం.

రెండోది, గాజులా గట్టిపడిన చక్కెర ఏ వేడి దగ్గర మళ్లీ మెత్తబడుతుంది అనేది. పూర్తిగా ఎండిన సుక్రోజ్‌కు ఆ వేడి 60 డిగ్రీల పైన ఉంటుంది, గ్లూకోజ్‌కు 31 దగ్గర, ఫ్రక్టోజ్‌కు 5 దగ్గర. గది వేడి 25 నుంచి 30 అనుకుంటే సుక్రోజ్ గాజు నిబ్బరంగా నిలుస్తుంది. గ్లూకోజ్ అంచు మీద ఉంటుంది. ఫ్రక్టోజ్‌కు ఆ అవకాశమే లేదు, అది సాగుడుగానే ఉండిపోతుంది. కొద్దిగా నీరు చేరితే ఈ అంకెలన్నీ ఇంకా కిందికి దిగుతాయి. పంచదార కుకీ డబ్బా తెరిచి ఉంచినా కొంతసేపు తట్టుకోవడానికి, తేనె కుకీ గంటల్లోనే వంగడానికి తేడా ఇదే.

ఇదంతా లోపమని కొట్టిపారేయనక్కర్లేదు. మెత్తగా, కాస్త నమిలేలా ఉండే కుకీ కావాలనుకునేవారికి ఈ గుణమే వరం. తేనె కుకీ తొందరగా ఎండిపోదు, రోజుల తరబడి పాచిపట్టినట్టు అవదు. చిక్కు అంతా కరకరలాడే, గుల్లగా విరిగే రకంతోనే.

నిండా రంధ్రాలతో గాజుపొరలా పల్చగా ఉండే లేస్ కుకీ సంగతి మళ్లీ వేరు. వెన్న, పంచదార, తేనె కలిపి కాచి, కొద్దిగా మైదా కలిపి చుక్కలుగా వేసి కాల్చే ఈ రకానికి తేనె ఎంతో సాయపడుతుంది. పాకంలో పలుకు కట్టకుండా తేనె అడ్డుకుంటుంది, పొర నున్నగా వస్తుంది. ఓవెన్ నుంచి తీసిన కొన్ని క్షణాల పాటు విరగకుండా వంగుతుంది కాబట్టి గొట్టంలా చుట్టొచ్చు, గిన్నెలా మలచొచ్చు. పూర్తిగా చల్లారిన మరుక్షణం గాలి చొరబడని డబ్బాలోకి వెళ్లాలి. ఆలస్యం చేస్తే వేళ్లకు అంటుకునే జిగురవుతుంది.

పరచుకుంటుందా, ముద్దగా నిలుస్తుందా

ఈ విషయంలో పాఠకులకు రెండు విరుద్ధమైన మాటలు వినిపిస్తాయి. తేనె వేస్తే కుకీ మరీ పల్చగా పరచుకుపోతుందని కొందరు, ఉబ్బి ముద్దగా నిలిచిపోతుందని కొందరు చెబుతారు. రెండూ జరుగుతాయి, కారణాలు వేరు. పిండిలో మిగతా ద్రవాలు తగ్గించకుండా తేనె కలిపితే నీళ్లు ఎక్కువై, వెన్న కరిగేసరికి పిండి పారుతుంది. గది వేడిలో మెత్తగా ఉన్న పిండిని నేరుగా ఓవెన్‌లో పెట్టినా అంతే. నీళ్లు సరిచేసి, పిండిని చల్లబరిచి కాలిస్తే రెండో ఫలితం వస్తుంది. ఓవెన్‌లో కరిగే పంచదార లేదు కనుక కొత్త ద్రవం రాదు, కుకీ ముందే బిగుసుకుంటుంది, తక్కువగా పరచుకుంటుంది. కొలతలు సరిగ్గా ఉన్న వంటకంలో తేనె వాటా పెరిగేకొద్దీ కుకీ వెడల్పు తగ్గడమే సాధారణం.

కాబట్టి పల్చదనం కోసం పిండి పరచుకోవడాన్ని నమ్ముకోకూడదు. రెండు బేకింగ్ పేపర్ల మధ్య పిండిని ముందే పల్చగా ఒత్తి, ఫ్రిజ్‌లో గట్టిపడనిచ్చి, అప్పుడు కోసి కాల్చడం నమ్మకమైన పద్ధతి. తేనె జిగురుకు పిండి చేతికి అంటుకుంటోందని పైన మైదా చల్లుకుంటూ పోతే కుకీ గట్టిగా, పొడిగా తయారవుతుంది. చల్లదనమే ఆ జిగురుకు మందు.

సంత తేనెలో మారేవి

పెద్ద ఎత్తున సీసాల్లో నింపి అమ్మే తేనె చాలావరకు ఎన్నో చోట్ల నుంచి తెచ్చి కలిపి, వడకట్టి, వేడిచేసి, ఎప్పుడూ ఒకేలా ఉండేట్టు తయారుచేసింది. సంతలో దొరికేది అలా కాదు. ఒక ప్రాంతం, ఒక కాలం, కొన్ని పెట్టెల తేనె అది. ఆ కాలంలో తేనెటీగలు తిరిగే కొద్ది కిలోమీటర్ల పరిధిలో ఏం పూసిందో అదే సీసాలో ఉంటుంది. తినడానికి అదే దాని గొప్పతనం. బేకింగ్‌లో మాత్రం ప్రతి సీసానూ కొత్త పదార్థంగా చూడాలి.

అన్నిటికంటే ముందు చూడాల్సింది నీళ్ల శాతం. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం ప్రకారం తేనెలో నీళ్లు సాధారణంగా 20 శాతం మించకూడదు. తేనెటీగలు గదులకు మైనపు మూతలు వేసే ముందే తొందరపడి తీసిన తేనెలో అది ఎక్కువగా ఉంటుంది. 17 శాతం తేనెకూ 20 శాతం తేనెకూ మధ్య 250 గ్రాముల దగ్గర తేడా ఏడున్నర గ్రాముల నీళ్లు. కేకులో అది లెక్కలోకి రాదు, పల్చటి కుకీ పిండిని అది జారేలా చేయగలదు. శ్రద్ధగా పెంచేవాళ్ల దగ్గర చిన్న రిఫ్రాక్టోమీటర్ ఉంటుంది, ఒక చుక్కతో నీళ్ల శాతం చూపిస్తుంది. అడిగితే చెప్పగలగడమే మంచి సూచన. సీసా వంచినప్పుడు లోపలి గాలి బుడగ నెమ్మదిగా కదిలితే తేనె చిక్కగా ఉన్నట్టు. అయితే ఈ పోలికకు రెండు సీసాలూ ఒకే వేడిలో ఉండాలి, ఎందుకంటే ఎండలో ఉన్న తేనె ఏదైనా పల్చగానే కదులుతుంది.

నీళ్లు ఎక్కువైన తేనె పులిసే ప్రమాదమూ ఉంది. పైన నురగ, మూత తీయగానే పుల్లటి వాసన, నాలుక మీద చురుకు కనిపిస్తే అది కుకీలకు పనికిరాదు. ఆమ్లం పెరిగి రుచి, రంగు రెండూ లెక్క తప్పుతాయి.

తేనె పేరుకోవడం మాత్రం చెడిపోయిన గుర్తు కాదు, పంచదార కలిపారనడానికి సాక్ష్యమూ కాదు. గ్లూకోజ్ వాటా ఎక్కువున్న తేనె తొందరగా పేరుకుంటుంది. ఆవ జాతి పూలు, పొద్దుతిరుగుడు నుంచి వచ్చేది అలాంటిది. ఫ్రక్టోజ్ ఎక్కువున్న, రోబినియా అనే చెట్టు పూల తేనె నెలల తరబడి ద్రవంగానే ఉంటుంది. పేరుకోవడం 14 డిగ్రీల దగ్గర అన్నిటికంటే వేగంగా సాగుతుంది. ఇది కుకీలు చేసేవారికి నేరుగా పనికొచ్చే సమాచారం. రోబినియా రకం తేనె కుకీని ఎక్కువ మెత్తబరుస్తుంది, గ్లూకోజ్ ఎక్కువున్నది కాస్త తక్కువ. సన్నటి పలుకులతో వెన్నలా పేరుకునేట్టు చేసిన క్రీమ్ తేనె ఇంకా మంచిది, అది వెన్నలో తేలిగ్గా కలిసి, కారకుండా నిలుస్తుంది. ఎల్టన్ డైస్ అనే శాస్త్రవేత్త 1935లో పేటెంట్ పొందిన పద్ధతి అది. పెద్ద పలుకులుగా పేరుకున్న తేనెను అలాగే కలిపితే ఆ పలుకులున్న చోట కుకీ మీద నల్ల చుక్కలు పడతాయి. 40 డిగ్రీల గోరువెచ్చటి నీళ్లలో సీసా ఉంచితే తిరిగి కరుగుతుంది.

కల్తీ గురించి రెండు మాటలు. నీళ్ల గ్లాసులో చుక్క వేసి చూడటం, వత్తికి రాసి వెలిగించి చూడటం వంటి ఇంటి పరీక్షలు చిక్కదనాన్నీ తేమనూ తప్ప ఇంకేమీ చెప్పవు. చిక్కటి కల్తీ పాకం వాటిలో నెగ్గుతుంది, కాస్త నీళ్లున్న అసలు తేనె ఓడిపోతుంది. చెరకు, మొక్కజొన్న పాకాలను ప్రయోగశాలలో కార్బన్ ఐసోటోపుల నిష్పత్తితో పట్టుకోగలరు. బియ్యం, బీట్ పాకాలు ఆ పరీక్షకు దొరకవు, వాటికి ఇంకా లోతైన పరీక్షలు కావాలి. సంతలో కొనేవారికి ఉన్న ఉత్తమ సాధనం ప్రశ్నలే: పెట్టెలు ఎక్కడున్నాయి, ఏ నెలలో తీశారు, అప్పుడు చుట్టుపక్కల ఏం పూసింది, తీశాక వేడిచేశారా. తేనె తీసిన మనిషే ఎదురుగా నిలబడి ఉండటం పెద్ద అవకాశం, దాన్ని వాడుకోవాలి.

వాసన ఎక్కడికి పోతుంది

ఖరీదైన లేత రంగు తేనెతో చేసిన కుకీలో తేనె రుచే తెలియలేదన్న నిరాశ చాలామందిది. తేనె పరిమళం గాలిలో తేలిగ్గా ఆవిరయ్యే పదార్థాల మీద ఆధారపడి ఉంటుంది. నారింజ జాతి పూల తేనెలో మిథైల్ ఆంత్రనిలేట్ అనేది అలాంటి ఒక పదార్థం. పల్చటి కుకీకి పైభాగం ఎక్కువ, లోతు తక్కువ. ఓవెన్‌లో ఆ పది పన్నెండు నిమిషాల్లో నీటి ఆవిరితో పాటే సున్నితమైన వాసనలు చాలావరకు వెళ్లిపోతాయి. మిగిలేది తీపి, కాల్పు వాసన.

ముదురు రంగు తేనె ఇక్కడ నెగ్గుతుంది. దానిలో ఖనిజాలు, అమైనో ఆమ్లాలు, ఫినాలిక్ పదార్థాలు ఎక్కువ. దాని ఘాటు వేడికి అంత తేలిగ్గా లొంగదు. కానీ అమైనో ఆమ్లాలు ఎక్కువంటే రంగు తిరగడమూ ఎక్కువే, కాబట్టి ముదురు తేనెతో కాల్చేటప్పుడు ఓవెన్ ముందు నిలబడి చూసుకోవాలి. లేత తేనెను పిండిలో కలిపి పోగొట్టుకోవడం కంటే, కాల్చిన కుకీలు పూర్తిగా చల్లారాక రెండింటి మధ్య పెట్టే వెన్న క్రీమ్‌లో కలపడం న్యాయం. అరచెంచా తేనె అక్కడ చేసే పని, పిండిలో నాలుగు చెంచాలు చేయలేవు.

పచ్చి తేనెలోని ఎంజైమ్‌ల మేలు కుకీలో దొరుకుతుందనుకుంటే అది జరగదు. కుకీ లోపలి వేడి 100 డిగ్రీలకు చేరేసరికి అవి పనిచేయడం మానేస్తాయి. సంత తేనె కొనడానికి రుచి, తాజాదనం, తీసినవారి మీద నమ్మకం చాలినన్ని కారణాలు.

అదే వేడి, తేనెలో ఉండగల, పసిపిల్లలకు ప్రమాదకరమైన క్లోస్ట్రీడియం బొట్యులినమ్ అనే బాక్టీరియా బీజాలను మాత్రం నమ్మకంగా చంపలేదు. వాటికి తేమతో కూడిన 121 డిగ్రీల వేడి నిమిషాల పాటు తగలాలి. ఏడాది లోపు పసిపిల్లలకు తేనె పెట్టకూడదన్న హెచ్చరిక అందుకే ఉంది. కాల్చాం కదా అని తేనె కుకీని ఆ హెచ్చరిక నుంచి మినహాయించడం సరికాదు.

కొలత మార్చే లెక్క

200 గ్రాముల మైదా, 130 గ్రాముల వెన్న, 80 గ్రాముల పంచదార, రెండు చిన్న చెంచాల (చెంచా 5 మిల్లీలీటర్లు) పాలు ఉన్న ఒక మామూలు గుల్ల కుకీని తీసుకుందాం. పంచదార మొత్తం తీసేస్తే 65 గ్రాముల తేనె వేయాలి. అందులో చక్కెరలు 53 గ్రాముల చిల్లర, నీళ్లు 12 గ్రాముల దాకా. ఫ్రక్టోజ్ నాలుకకు ఎక్కువ తీపిగా తగులుతుంది కనుక తీపి పెద్దగా తగ్గదు. నీళ్లు చేరాయి కాబట్టి రెండు చెంచాల పాలు మొత్తంగా తీసేయాలి. అయినా కుకీ మెత్తటి రకంగానే వస్తుంది.

గుల్లదనం ముఖ్యమైతే 60 గ్రాముల పంచదార, 20 గ్రాముల తేనె మంచి నిష్పత్తి. పంచదార గాలిని పట్టడానికి, చల్లారాక గట్టిపడటానికి సరిపోతుంది. తేనెతో వచ్చే నీళ్లు మూడున్నర గ్రాములే, అంటే పాలు ఒక చెంచాకు కాస్త తక్కువగా తగ్గిస్తే చాలు. ముందు వెన్న, పంచదార బాగా గిలక్కొట్టి తెల్లబడ్డాకే తేనె కలపాలి. మైదా వేశాక ఎక్కువ పిసకకూడదు, తడి తగిలిన పిండిని పిసికేకొద్దీ అందులోని సాగే ప్రోటీన్, అంటే గ్లుటెన్, బిగుసుకుని కుకీ గట్టిపడుతుంది. ప్రోటీన్ 8, 9 శాతం ఉన్న కేక్ పిండి దొరికితే ఈ భయం తగ్గుతుంది.

వంట సోడా సంగతి చాలామందిని తికమక పెడుతుంది. తేనె ఆమ్లాన్ని విరగ్గొట్టడానికి కప్పు తేనెకు ఈ చిన్న చెంచాలో పావు వంతు సోడా వేయమన్న సూత్రం బాగా వాడుకలో ఉంది. కప్పు అంటే 340 గ్రాముల తేనె. సగటు తేనెలోని ఆమ్లాన్ని లెక్కగడితే 100 గ్రాములకు పావు గ్రాము సోడా చాలు. పైన చెప్పిన 65 గ్రాముల తేనెకు అది చిటికెలో సగం, 20 గ్రాములకైతే అసలు అక్కర్లేదు. చిన్న కొలతకు పావు చెంచా సోడా వేసేస్తే మిగిలిపోయిన సోడా సబ్బు రుచినిస్తుంది, పిండిని క్షారంగా మార్చి మెయిలార్డ్ చర్యను ఇంకా పరుగు పెట్టిస్తుంది. మాడకుండా ఉండాలని చేసిన వేడి తగ్గింపును సోడా ఒక్కటే చెడగొట్టగలదు.

కొత్త సీసా తెరిచినప్పుడు ట్రే నిండా పెట్టకుండా రెండు కుకీలు కాల్చి చూడాలి. పూర్తిగా చల్లారాకే విరిచి చూడాలి, వేడిగా ఉన్నప్పుడు తేనె కుకీలన్నీ మెత్తగానే ఉంటాయి. చల్లారినా వంగితే, అంచులు ఇంకా లేతగా ఉంటే, మిగతావాటిని 150 డిగ్రీల దగ్గర మూడు నాలుగు నిమిషాలు ఎక్కువ ఆరనివ్వాలి. అంచులు అప్పటికే ముదిరి ఉంటే నీళ్లు ఎక్కువైనట్టు, తర్వాతి విడత పిండిలో పాలు ఇంకా తగ్గించాలి. కుదిరిన కొలతను ఆ తేనె ఏ నెలలో తీసిందో, ఏ పువ్వుదో దానితో కలిపి రాసుకుంటే, వచ్చే ఏడు అదే కాలంలో అదే మనిషి దగ్గర కొన్నప్పుడు మొదలుపెట్టే చోటు చేతిలో ఉంటుంది.